లోపమున్న యంత్రం వల్ల దెబ్బ తగిలితే - నష్టపరిహారం పొందే మార్గం



నూర్పిళ్ళ రోజులు వచ్చాయంటే కళ్ళాల్లో ఎంత సందడిగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఎడ్లను కట్టి తొక్కించిన పంటను ఇప్పుడు యంత్రం గంటల్లో నూర్చి పోగుపెడుతున్నది. నీళ్ళు తోడడానికి మోటారు, మందు కొట్టడానికి పంపు, గడ్డి నరకడానికి యంత్రం, దున్నడానికి ట్రాక్టరు - అన్నీ వచ్చాయి. రావలసినవే. వాటివల్ల రైతు శ్రమ తగ్గింది, పని త్వరగా అవుతున్నది. కాని వాటితోపాటు ఒక కొత్త కష్టం కూడా మన ఇళ్ళలోకి వచ్చింది. ఫలానా ఊళ్ళో నూర్పిడి యంత్రంలో చేయి పడి నలిగిందట, ఫలానావాడు స్టార్టరు పెట్టె ముట్టుకుని పడిపోయాడట అని ఏటేటా వింటూనే ఉన్నాం గదా!

అప్పుడు మనవాళ్ళు అనే మాట ఒకటి ఉన్నది. "వాడి నొసటి రాత అట్లా ఉంది, ఎవరేం చేస్తారు?" అంటారు. ఆసుపత్రి ఖర్చుకు అప్పు చేస్తారు. అప్పు తీరకపోతే ఎకరమో అరెకరమో అమ్ముతారు. యంత్రాన్ని మాత్రం మర్నాడే కడిగి, బాగుచేయించి, మళ్ళీ పనిలో పెడతారు. ఆ యంత్రాన్ని చేసినవాడు సరిగా చేశాడా, అమ్మినవాడు చెప్పవలసిన జాగ్రత్తలు చెప్పి అమ్మాడా అని అడిగేవాళ్ళు కనిపించరు. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు ఉన్నది. దాన్ని ఎక్కడ అడగాలి, ఎట్లా అడగాలి, ఎంతలోగా అడగాలి అన్న సంగతులు ఈ పూట చెప్పుకుందాం.

మొట్టమొదట ఒక తేడా తెలుసుకోవాలి. దెబ్బ తగిలిన ప్రతిసారీ తప్పు యంత్రానిదే కాదు. తాగి యంత్రం దగ్గరకు పోయినా, తిరుగుతున్న బెల్టు మీదుగా దాటినా, కండువా వేలాడదీసుకుని డ్రమ్ము దగ్గర వంగినా ఆ ప్రమాదానికి తయారుచేసినవాడిని అనలేము. కాని మనిషి తన జాగ్రత్తలో తానున్నా యంత్రమే దెబ్బ తీసిందనుకోండి. అది రాత కాదు, లోపం. లోపానికి జవాబు చెప్పవలసిన వాళ్ళు ఉంటారు. 2019లో పార్లమెంటు చేసిన వినియోగదారుల రక్షణ చట్టం ఈ జవాబుదారీని స్పష్టంగా రాసి పెట్టింది. ఈ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది. అంతకు ముందు 1986 నాటి చట్టం ఉండేది. అందులో వస్తువు లోపాన్ని గురించి ఉన్నదే కాని, లోపమున్న వస్తువు మనిషికి హాని చేస్తే ఎవరెవరు ఏ మేరకు బాధ్యులు అన్నది ఇంత విడమరచి లేదు. కొత్త చట్టం దానికి ఒక అధ్యాయమే కేటాయించింది.

లోపం అంటే ఏమిటి? చట్టం చెప్పిన మాటలను మన పొలం భాషలో చెప్పుకుందాం.

మొదటిది తయారీ లోపం. నమూనా మంచిదే, కాని మీ చేతికి వచ్చిన ఆ ఒక్క యంత్రాన్ని సరిగా చేయలేదు. అతుకు సరిగా పడక డ్రమ్ము పలక ఊడి ఎగిరింది. మోటారు లోపల తీగ పూత దెబ్బతిని పైపెట్టెకు కరెంటు వచ్చింది. వీపు మీద మోసే పంపు మూత దగ్గర వాషరు సరిగా కూర్చోక మందు కారి ఒళ్ళంతా తడిసింది. ఇవన్నీ తయారీ లోపాలు.

రెండోది నమూనాలోనే లోపం. అంటే ఆ కంపెనీ చేసిన యంత్రాలన్నీ ఒకే విధంగా ప్రమాదకరమైనవే. దీనికి నూర్పిడి యంత్రం కంటే మంచి ఉదాహరణ లేదు. పంట కట్టను వేసే తొట్టి పొట్టిగా ఉంటే, కట్టను నెట్టే చేయి డ్రమ్ము దాకా పోతుంది. డ్రమ్ము పంటను లాగుకునే వేగంలో చేయి వెనక్కు తీసుకునే వ్యవధి ఉండదు. అందుకనే భారతీయ ప్రమాణాల సంస్థ నూర్పిడి యంత్రాల భద్రతకు ఐ.ఎస్. 9020 అనే ప్రమాణాన్ని ఏర్పరచింది. తొట్టి పొడవు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అందులో డ్రమ్ము వైపున 45 సెంటీమీటర్లయినా పైన మూసి ఉండాలి. ఎందుకంటారా? మనిషి చేయి చాచినా వేళ్ళు డ్రమ్మును తాకకూడదన్నదే దాని లెక్క. నాలుగు కిలోల రేకు మిగులుతుందని తొట్టి కురచ చేసినవాడు, ఆ రేకు ధరను మన చేతులతో కట్టించుకున్నవాడన్నమాట. 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల క్రమబద్ధీకరణ చట్టం చేసినప్పుడు, ప్రమాదకర యంత్రం అనే మాటకు అర్థం చెబుతూ మొట్టమొదట పేర్కొన్నది పల్లెల్లో వాడే ఈ నూర్పిడి యంత్రాన్నే.

మూడోది, చెప్పవలసింది చెప్పకపోవడం. యంత్రం బాగానే ఉన్నది. కాని దాన్ని ఎట్లా వాడాలో, ఎట్లా వాడితే ప్రమాదమో తెలిపే సూచనలు లేవు. ఉన్నా చాలినంత లేవు. పురుగుమందుల సంగతే చూడండి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఏర్పరచిన నిబంధనల ప్రకారం డబ్బా మీద ప్రమాద తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అత్యంత విషం, తరువాత పసుపు, ఆ తరువాత నీలం, చివరకు ఆకుపచ్చ. లోపల ఒక కరపత్రం ఉండాలి. ఆ కరపత్రంలో మందు ఎట్లా కలపాలి, ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి, విషం ఎక్కితే ఎట్లాంటి లక్షణాలు కనిపిస్తాయి, విరుగుడు ఏమిటి అన్నవి ఉండాలి. ఆ కాగితం లేకుండా, విడి సీసాలో పోసి మందు ఇచ్చినవాడు మీకు సగం సరుకే ఇచ్చాడు. ప్రాణం కాపాడే సగాన్ని దుకాణంలోనే ఉంచుకున్నాడు.

ఇవి కాక, రాతపూర్వకంగా ఇచ్చిన హామీకి సరుకు తగకపోవడం కూడా లోపమే. "ఈ స్టార్టరులో షాకు కొట్టదు" అని కాగితం మీద అచ్చు వేసి అమ్మినవాడు ఆ మాటకు కట్టుబడి ఉండాలి. ఇక్కడ చట్టం మరొక మాట కూడా అన్నది. తాను ఆ హామీ ఇవ్వడంలో అజాగ్రత్త గాని, మోసం గాని లేదని తయారీదారు రుజువు చేసినా బాధ్యత తప్పదు. ఈ మాటను గుర్తుంచుకోండి.

ఇక ఈ పరిహారం అడిగే అర్హత ఎవరికి ఉన్నది? కొన్నవాడికి ఉన్నది, అది అందరికీ తెలిసిందే. కాని యంత్రం అన్న కొన్నాడు, దెబ్బ తమ్ముడికి తగిలింది. మందు మామగారు తెచ్చారు, పిచికారీ చేసి పడిపోయింది కోడలు. అప్పుడెట్లా? కొన్నవారి అనుమతితో వాడినవారు కూడా వినియోగదారులే అని చట్టం చెబుతున్నది. మనిషి చనిపోతే అతని వారసులు ఫిర్యాదు చేయవచ్చు.

దీని వెనుక ఒక పాత కథ ఉన్నది. 1928లో స్కాట్లండులోని పేస్లీ అనే పట్నంలో డొనోహ్యూ అనే స్త్రీ తన స్నేహితురాలితో కలసి ఒక ఫలహారశాలకు వెళ్ళింది. స్నేహితురాలు డబ్బిచ్చి అల్లపు సోడా కొనిపెట్టింది. సీసా నల్లది, లోపల ఏమున్నదీ కనిపించదు. కొంత తాగాక మిగిలింది గ్లాసులో వంపితే, కుళ్ళిన నత్త బయటపడిందని, దానివల్ల తనకు జబ్బు చేసిందని ఆమె దావా వేసింది. "నువ్వు కొనలేదు గదా, నీకూ మాకూ లావాదేవీ ఏమిటి?" అన్నది సోడా చేసినవారి వాదన. 1932లో బ్రిటనులోని ప్రభువుల సభ, అదే అప్పటి అత్యున్నత న్యాయస్థానం, ఆ వాదనను తోసివేసింది. సరుకు చివరకు ఎవరి నోటికి చేరుతుందో వారిపట్ల తయారుచేసినవాడికి జాగ్రత్త బాధ్యత ఉన్నదని ముగ్గురు న్యాయమూర్తులు ఒక పక్క, ఇద్దరు ఒక పక్కగా తీర్పు చెప్పారు. ఒక పేద స్త్రీ తాగిన సోడా మీద వచ్చిన ఆ తీర్పును ఈనాటికీ ఎన్నో దేశాల కోర్టులు తలుచుకుంటూ ఉంటాయి. మనకు ఆ తీర్పు దాకా పోవలసిన పని లేదు. మన చట్టంలోనే ఆ మాట రాసి ఉన్నది.

"మేము పంట అమ్ముకుంటాం గదా, అది వ్యాపారం కాదా? వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాదంటారే!" అని కొందరు రైతులు సందేహపడతారు. మంచి సందేహమే. లాభానికి తిరిగి అమ్మడానికీ, పెద్ద వ్యాపారానికీ కొన్నవాళ్ళు ఈ చట్టం కిందికి రారు. కాని తన బతుకుతెరువు కోసం, తన సొంత కష్టం మీద నడుపుకునేందుకు కొన్న సరుకును చట్టం వ్యాపారంగా లెక్కించదు. ఒక యంత్రం కొని తాను నడుపుకొనే రైతుకు భయం లేదు. పది యంత్రాలు కొని జీతగాళ్ళతో ఊరూరా బాడుగకు తిప్పే ఆసామికి మాత్రం ఈ తలుపు తెరుచుకోకపోవచ్చు. ఆయన సివిలు కోర్టుకు పోవలసి రావచ్చు. కూలివారికి దెబ్బ తగిలినప్పుడు పని ఇచ్చిన ఆసామికి కూడా వేరే చట్టాల కింద బాధ్యత రావచ్చును. అట్లాంటి వ్యవహారంలో రెండు దారులనూ ముందుగానే విచారించుకోవాలి.

రైతు వినియోగదారుడే అన్న సంగతి సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది కూడాను. ఆ వ్యాజ్యం మన ఆంధ్రప్రదేశ్ రైతులదే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ దగ్గర కొన్న విత్తనాలు సరిగా మొలవలేదని, పంట దెబ్బతిన్నదని రైతులు వినియోగదారుల ఫోరాలకు వెళ్ళారు. రైతులు వినియోగదారులు కారని, విత్తనాలకు వేరే చట్టం ఉన్నదని, నమూనాను ప్రయోగశాలకు పంపలేదని కార్పొరేషన్ వాదించింది. 2012 జనవరి 16న సుప్రీం కోర్టు ఆ వాదనలు చెల్లవన్నది. కొన్న విత్తనమంతా విత్తుకునే రైతు, రేపు తగాదా వస్తుందని ముందే తెలిసి కొంత దాచిపెట్టుకుంటాడా అన్నది అక్కడ తేలిన ముఖ్యాంశం. అది పంట నష్టానికి సంబంధించిన వ్యాజ్యమే అయినా, రైతు ఆ మెట్లు ఎక్కవచ్చునన్న ధైర్యం మాత్రం అందరికీ ఇచ్చింది.

ఎవరిని అడగాలి? ముఖ్యంగా తయారీదారును. అమ్మిన దుకాణదారును కొన్ని సందర్భాల్లో అడగవచ్చు. అతను యంత్రాన్ని తానే మార్చి అమ్మినా, తానే విడిగా హామీ ఇచ్చినా, బిగించడంలోనో చూసి ఇవ్వడంలోనో తగిన శ్రద్ధ పెట్టకపోయినా, కంపెనీ ఇచ్చిన హెచ్చరిక కాగితాన్ని మీకు అందించకపోయినా అతనూ బాధ్యుడే. తయారుచేసినదెవరో తెలియకపోతే అమ్మినవాడే జవాబు చెప్పాలి. పేరూ ఊరూ లేని నూర్పిడి యంత్రాలు ఎన్ని కళ్ళాల్లో లేవు? అట్లాంటివాటికి ఈ మాట వర్తిస్తుంది. బాగుచేసినవాడి తప్పువల్ల హాని జరిగితే అతని మీద కూడా అడగవచ్చు. సందేహముంటే అందరినీ ప్రతివాదులుగా చేర్చడమే మంచిది. ఎవరి తప్పు ఎంతో కమిషను తేలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వద్దాం. ప్రమాదం జరిగిన మొదటి రెండు మూడు రోజుల్లో మీరు ఏం చేశారన్న దాని మీదనే చాలావరకు వ్యవహారం ఆధారపడి ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదంటారు గదా! ఇక్కడ చేతులు కాలిన వెంటనే పట్టుకోవలసిన ఆకులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, మనిషిని ఆసుపత్రికి చేర్చడం. అది చెప్పనక్కరలేదు. కాని అక్కడ ప్రమాదం ఎట్లా జరిగిందో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. "కింద పడ్డాడు" అని దాచిపెట్టవద్దు. పోలీసు గొడవ ఎందుకని చాలామంది అబద్ధం చెబుతారు. తరువాత ఆసుపత్రి కాగితంలో "కింద పడి దెబ్బ" అని ఉంటే, యంత్రం వల్ల జరిగిందని మీరు ఎట్లా రుజువు చేస్తారు? మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగండి. పురుగుమందు విషమైతే డబ్బాను, కరపత్రాన్ని కూడా ఆసుపత్రికి తీసుకుపొండి. డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది; మీకు రుజువూ నిలుస్తుంది.

రెండు, యంత్రాన్ని కదలించకండి. ఇదే అందరూ మరిచిపోయే విషయం. దెబ్బ తగిలిన రెండోనాడు దుకాణంవాడి మనిషి వచ్చి, "బాగుచేసి తెచ్చిస్తాం" అనో, "కొత్తది మార్చి ఇస్తాం" అనో తీసుకుపోతాడు. మర్యాదగానే మాట్లాడతాడు. కాని ఆ యంత్రంతోపాటు మీ సాక్ష్యం కూడా బండి ఎక్కి పోతుంది. విరిగిన పలక, తెగిన బెల్టు, కాలిన తీగ, కారిన వాషరు - వీటిని పారవేయకుండా గుడ్డలో కట్టి దాచండి. యంత్రాన్ని ఒక మూల పెట్టి గోనెపట్టా కప్పండి. నూర్పిడి ఆగిపోతుందంటారా? ఆ వారం వేరే యంత్రం బాడుగకు తెచ్చుకోండి. బాడుగ రసీదు కూడా దాచుకోండి.

మూడు, బొమ్మలు తీయడం. ఈ రోజుల్లో ఫోను లేని ఇల్లు లేదు. యంత్రాన్ని నాలుగు వైపులా, దాని మీద ఉన్న కంపెనీ పేరు, నమూనా సంఖ్య, తయారైన సంవత్సరం కనిపించేటట్లు, తొట్టి పక్కన కొలబద్ద పెట్టి కూడా ఫోటోలు తీయండి. మందు డబ్బా అయితే బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ కనబడాలి.

నాలుగు, మనుషుల మాట. అప్పుడు అక్కడ ఉన్నవారి పేర్లు రాసుకోండి. ఏం చూశారో ఆ వారంలోనే వారి చేత రాయించి, తేదీ వేసి సంతకం చేయించండి. ఆరు నెలల తరువాత ఎవరికీ అన్నీ జ్ఞాపకం ఉండవు. కరెంటు దెబ్బ అయితే విద్యుత్ శాఖవారికి రాతపూర్వకంగా తెలియజేసి, వారు వచ్చి చూసి రాసిన కాగితం నకలు అడిగి తీసుకోండి.

అయిదు, బిల్లు. బిల్లు లేకుండా కొంటే పది రూపాయలు తగ్గుతుందని చాలామంది ఆశపడతారు. ఆ పది రూపాయలు తరువాత ఎంత ఖరీదవుతాయో ఇప్పుడు మీకు అర్థమయి ఉంటుంది. బిల్లు లేకపోయినా నిరాశపడవద్దు. బ్యాంకు ద్వారా డబ్బు పంపిన రుజువు గాని, దుకాణంవాడు రాసిచ్చిన చీటీ గాని, హామీ కార్డు గాని పనికివస్తాయి.

ఆరు, సంతకం. మనిషి ఆసుపత్రిలో మూలుగుతుంటే ఎవరో వచ్చి అయిదు వేలో పదివేలో చేతిలో పెట్టి ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. "సాయం చేసినట్లు లెక్కకు" అంటారు. చదవకుండా, చదివించుకోకుండా పెట్టకండి. "నాకు ఇక ఏమీ రావలసింది లేదు" అని ఆ కాగితంలో ఉండవచ్చు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయడమంటే మన చేతితో మనమే మన నోరు మూసుకోవడం.

ఇక ఫిర్యాదు ఎక్కడ? మీ జిల్లాలోని వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషనులో. కంపెనీ ఎక్కడో పంజాబులోనో గుజరాతులోనో ఉన్నది గదా, అంతదూరం పోవాలా అనవద్దు. మీరు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట ఫిర్యాదు చేయవచ్చునని 2019 చట్టం చెప్పింది. సరుకుకు మీరు ఇచ్చిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషను చాలు. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి: చూచేది ఇచ్చిన ధర, అడిగే పరిహారం కాదు. యంత్రానికి 3 లక్షలు ఇచ్చి, పోయిన చేతికి 20 లక్షలు అడిగినా లెక్క 3 లక్షలదే. 5 లక్షల లోపు ధరకు ఫీజు ఏమీ లేదు. 5 నుంచి 10 లక్షల దాకా 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల దాకా 400 రూపాయలు.

గడువు రెండు సంవత్సరాలు. హక్కు ఏర్పడిన రోజు నుంచి, అంటే మామూలుగా ప్రమాదం జరిగిన రోజు నుంచి లెక్క. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనుకు ఉన్నది. కాని దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. విత్తనానికి అదను ఎట్లాంటిదో, ఫిర్యాదుకు గడువు అట్లాంటిది.

ముందుగా కంపెనీకీ, అమ్మినవాడికీ స్పీడు పోస్టులో ఒక నోటీసు పంపడం మంచిది. ఏ తేదీన కొన్నారు, ఏ తేదీన ఏం జరిగింది, లోపం ఏమిటి, ఎంత పరిహారం కోరుతున్నారు - ఈ నాలుగూ ఉంటే చాలు. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఫిర్యాదు వేయండి. తెల్ల కాగితం మీద మీ మాటల్లో రాసి, బిల్లు, ఆసుపత్రి కాగితాలు, ఫోటోలు, సాక్షుల వాంగ్మూలాలు జతచేయాలి. వకీలు తప్పనిసరి కాదు; మీ తరఫున మీరే మాట్లాడవచ్చు. కాని గాయం పెద్దదయినప్పుడు వకీలు ఉంటే మంచిది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, వికలాంగులకు, నిర్ణయించిన పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. అడగవలసిన చోటు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. వినియోగదారుల సలహాకు జాతీయ హెల్ప్‌లైను 1915 ఉన్నది.

ఫిర్యాదు స్వీకరించాక కమిషను అవతలివారికి నోటీసు పంపుతుంది. వారు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి; మరొక 15 రోజులకు మించి గడువు పొడిగించే వీలు లేదని 2020లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. లోపం పైకి కనిపించనిదయితే యంత్రాన్నో, సరుకునో పరీక్షకు పంపమని మీరు కోరవచ్చు. అందుకనే యంత్రాన్ని దాచిపెట్టమన్నది! పరీక్ష అవసరం లేని ఫిర్యాదును మూడు నెలల్లో, అవసరమున్నదాన్ని అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నది. వాడుకలో ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఓపిక పట్టాలి. మధ్యలో ఉభయులూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి కూడా పంపుతారు. రాజీ మంచిదే, కాని చేతికి తగిన రాజీ కావాలి.

ఏమేమి అడగాలి? ఆసుపత్రి, మందుల ఖర్చు. ఇకముందు చేయవలసిన చికిత్స, కృత్రిమ అవయవం ఖర్చు. శాశ్వత వైకల్యం, దానివల్ల తగ్గిన పనిశక్తి. పడిన బాధ, మనోవేదన. ప్రమాదంలో కాలిపోయిన గడ్డివాము, చచ్చిపోయిన ఎద్దు వంటి ఇతర ఆస్తి. వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రం తప్పక జతచేయాలి. ఈ అధ్యాయం కింద చెప్పిన హానిలో యంత్రం ధర గాని, వ్యాపార లాభనష్టాలు గాని లెక్కకు రావు. యంత్రం ధర కావాలంటే, సరుకు లోపమున్నదన్న కోరికగా అదే ఫిర్యాదులో విడిగా అడగాలి. ప్రతి అంకెకూ ఆధారం చూపండి. కోటి అడిగితే పదయినా ఇస్తారు అన్న సంత బేరం ఇక్కడ పనికిరాదు. మీ మాట మీద నమ్మకం పోతుంది.

అవతలివారు ఏమంటారో కూడా తెలిసి ఉండాలి. "యంత్రాన్ని మార్చారు" అంటారు. "వాడకూడని విధంగా వాడారు" అంటారు. "తాగి ఉన్నాడు" అంటారు. ఇవి నిజమైతే మీ వ్యవహారం బలహీనపడుతుంది. హాని జరిగిన సమయానికి సరుకును దుర్వినియోగం చేసినా, మార్చినా అమ్మకందారు మీద చర్య నిలవదని చట్టంలోనే ఉన్నది. తయారీదారు కూడా అదే పాట పాడతాడు. అందరికీ తెలిసిన ప్రమాదాన్ని గురించి హెచ్చరించలేదన్న వాదన కూడా చెల్లదు. కత్తి తెగుతుందని ఎవరూ చెప్పనక్కరలేదు గదా! కనుక త్వరగా పని కావాలని తొట్టి మూత ఊడదీయకండి. ట్రాక్టరు షాఫ్టు మీది కవచం తీసి పారవేయకండి. ఎర్తు తీగ అడ్డమని కత్తిరించకండి. ప్రాణానికి ఒక రక్షణ, వ్యాజ్యానికి ఒక రక్షణ - రెండూ ఒక్క దెబ్బతో పోతాయి.

తీర్పు మీకు అనుకూలంగా వచ్చినా కంపెనీ రాష్ట్ర కమిషనుకు అప్పీలు చేయవచ్చు. దానికి 45 రోజుల గడువు. కాని చెల్లించమన్న మొత్తంలో సగం ముందు జమచేస్తేనే ఆ అప్పీలు తీసుకుంటారు. తీర్పును పాటించనివారికి నెల నుంచి మూడు సంవత్సరాల దాకా జైలు గాని, 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని వేసే అధికారం కమిషనుకు ఉన్నది. తీర్పు కాగితంగానే మిగిలిపోతుందన్న భయం వద్దు.

గ్రామాల్లో తిరిగే వ్యవసాయ విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. ప్రమాదం జరిగిన కళ్ళానికి మొదట చేరే చదువుకున్న మనిషి మీరే కావచ్చు. ఆనాడు మీరు తీసిన నాలుగు ఫోటోలు, మీరు కొలిచి రాసిన తొట్టి పొడవు, "యంత్రాన్ని కదలించవద్దు" అని మీరు చెప్పిన ఒక్క మాట ఆ కుటుంబానికి ఎంతో మేలు చేస్తాయి. యంత్రాల ప్రదర్శన పెట్టినప్పుడు దిగుబడి లెక్కలతోపాటు ఐ.ఎస్.ఐ. గుర్తు, తొట్టి కొలత, కవచాలు, తెలుగులో ఉన్న సూచనల పుస్తకం కూడా చూపించండి. ఒకే కంపెనీ యంత్రం రెండు మూడు ఊళ్ళలో ఒకే విధంగా దెబ్బ తీస్తే పై అధికారులకు రాయండి. ఆ నమూనాను అక్కడికక్కడ ఆపితే ఎన్ని చేతులు నిలుస్తాయో చెప్పలేము.

రైతు సోదరులారా! పరిహారం వచ్చినంతమాత్రాన పోయిన చేయి తిరిగి రాదు. ఆ సంగతి నాకూ తెలుసు, మీకూ తెలుసు. కాని పిల్లల చదువు ఆగకుండా ఉంటుంది, ఎకరం అమ్మకుండా నిలుస్తుంది. అంతకంటే పెద్ద లాభం మరొకటి ఉన్నది. ఒక్క రైతు అడిగి పరిహారం పుచ్చుకున్నాడంటే, రేకు మిగుల్చుకుని తొట్టి కురచ చేసేవాడు మరుసటి యంత్రం దగ్గర కాస్త ఆలోచిస్తాడు. ఈ ఏడు యంత్రం కొనేముందు తొట్టి కొలవండి, గుర్తు చూడండి, బిల్లు అడగండి, సూచనల కాగితం తీసుకోండి. దేవుడి దయవల్ల ఆ బిల్లుతో మీకు ఎప్పుడూ పని పడకూడదనే కోరుకుంటున్నాను. పని పడిన నాడు మాత్రం రాత అని ఊరుకోకండి.